నింజాలు నిజంగా ఎలా శిక్షణ పొందేవారు, ఎలా పోరాడేవారు?

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను: "నేను కరాటేలో బ్రౌన్ బెల్ట్. చిన్నప్పటి నుంచి నరుటో అనే నింజా కార్టూన్ చూస్తూ పెరిగాను. నింజాలు నిజంగా ఎలాంటి ట్రైనింగ్ తీసుకునేవారు? సమురాయ్‌తో తలపడితే ఎవరు గెలిచేవారు? యూట్యూబ్‌లో ఒకాయన అసలు నింజాలే లేరు, అంతా కట్టుకథ అంటున్నాడు. ఏది నమ్మాలి? ఇప్పుడు ఎక్కడైనా నేర్చుకోవచ్చా?"

నేను జపాన్‌లో నగోయా దగ్గర ఉంటాను, అనువాదాలు చేస్తాను. ఇక్కడే ఒక పాత యుద్ధకళల దోజోలో ఏళ్ల తరబడి సాధన చేస్తున్నాను. నింజాలకు పేరుపడ్డ ఇగా, కోకా ప్రాంతాలు ఇక్కడికి దగ్గరే కాబట్టి తరచూ వెళ్తుంటాను, మనవాళ్లెవరైనా వస్తే తిప్పి చూపిస్తుంటాను. ఈ విషయం నాకు చాలా ఇష్టమైనది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే నింజాలు ఉన్నారు. వాళ్ల అసలు పని వేగు చూడటం. శత్రువు కోటలోకో ఊళ్లోకో చొరబడి, చూడాల్సింది చూసి, ప్రాణాలతో తిరిగొచ్చి చెప్పాలి. దారిలో కత్తి దూయాల్సి వచ్చిందంటే ఆ పని చెడినట్టే లెక్క. ఆ తర్వాతి పని రాత్రి దాడులు, కోటలకు నిప్పు పెట్టడం. ఇక్కడ మాత్రం నిజంగానే పోరాడేవారు, అదీ గుంపుగా. ఒంటరిగా కప్పుల మీద గెంతుతూ పదిమందిని నరికే మనిషి తర్వాతి కాలపు నాటకాల నుంచి, నవలల నుంచి వచ్చాడు.

ముందు ఆ మనుషులెవరో తెలిస్తే శిక్షణ సంగతి సులువుగా అర్థమవుతుంది. 1467లో ఓనిన్ యుద్ధం మొదలైంది. అప్పటి నుంచి వందేళ్లకు పైగా జపాన్‌లో సామంతులు ఒకరితో ఒకరు కొట్టుకుంటూనే ఉన్నారు. ప్రతి సామంతుడికీ వేగులవాళ్లు కావాలి. అన్ని ప్రాంతాల్లోనూ ఉండేవారు, ఒక్కోచోట ఒక్కో పేరుతో. వాళ్లలో ఎక్కువ పేరు పడినవాళ్లు ఇగా, కోకా మనుషులు. ఇగా ఇప్పటి మియే రాష్ట్రంలో పడమటి భాగం. దానికి ఆనుకునే, ఉత్తరాన షిగా రాష్ట్రంలో కోకా ఉంటుంది.

ఇగా చుట్టూ కొండలు, మధ్యలో పళ్లెంలా సాగు భూమి. క్యోటో, నారా రెండూ దగ్గరే. అయినా ఆ ప్రాంతాన్ని గట్టిగా ఏలిన పెద్ద ప్రభువు లేడు. చిన్న చిన్న భూస్వాములే ఎవరి ఊరికి వాళ్లు యజమానులు. పొరుగువాడితో ఎప్పుడు గొడవ వస్తుందో తెలియదు కాబట్టి ప్రతివాడూ ఇంటి చుట్టూ మట్టి కట్ట పోసుకున్నాడు. అలాంటి కోట ఇళ్ల ఆనవాళ్లు ఇగాలో వందల సంఖ్యలో ఉన్నాయి. ఇప్పుడు వెళ్లినా వరి మడి పక్కన మనిషెత్తు దాటిన కట్ట, దాని మీద వెదురు పొద, లోపల ఎవరో కాపురముంటున్న మామూలు ఇల్లు కనిపిస్తాయి. రాత్రిపూట పొరుగువాడి కట్ట దాటడం, తన కట్ట దాటకుండా కాపలా కాయడం వాళ్లకు బతుకుతెరువుతో పాటే వచ్చిన విద్యలు.

బయటి శత్రువు వస్తే మాత్రం అందరూ ఒక్కటయ్యేవారు. ఇగా ఊళ్లన్నీ కలిసి రాసుకున్న ఒక కట్టుబాటు పత్రం నేటికీ ఉంది. సరిహద్దు నుంచి కబురు అందగానే ఊరూరా గంటలు మోగించాలి, 17 నుంచి 50 ఏళ్ల మధ్య మగవాళ్లంతా రావాలి, శత్రువు కోటను పట్టిన మామూలు మనిషికి సమురాయ్ హోదా ఇవ్వాలి అని అందులో ఉంటుంది. నింజాలు ఒక రహస్య కులమనో, కొండల్లో దాక్కున్న తెగ అనో అనుకునేవాళ్లు ఈ పత్రం గురించి తెలుసుకోవాలి. వీళ్లు రైతులు, చిన్న యోధులు. తమ నైపుణ్యాన్ని బయటి సామంతులకు కూలికి కూడా ఇచ్చారు.

ఇక శిక్షణ. మొలకెత్తిన జనుము లాంటి మొక్క మీంచి రోజూ దూకుతూ, అది పెరిగేకొద్దీ ఎత్తు దూకడం నేర్చుకునేవారనీ, ఛాతీ మీద గడ్డి టోపీ పెట్టుకుని అది కింద పడనంత వేగంగా పరిగెత్తేవారనీ మీరు వినే ఉంటారు. ఇవి జనం నోట నిలిచిన కథలు. ఇగా గురించి తర్వాతి కాలంలో రాసిన ఒక స్థానిక వృత్తాంతం ఇంతకంటే నమ్మదగిన మాట చెబుతుంది. అక్కడివాళ్లు తెల్లవారుజామునే లేచి మధ్యాహ్నం దాకా పొలం పనులు చేసుకుని, ఆ తర్వాత పొద్దుగూకే వరకు ఆయుధ విద్యలు, చొరబాటు విద్యలు సాధన చేసేవారట. బడి, పరీక్ష, పట్టా లాంటివేవీ లేవు. తండ్రి నుంచి కొడుక్కి, పెద్దల నుంచి కుర్రాళ్లకు అందిన విద్య అది.

ఏం నేర్చుకునేవారో తెలియాలంటే మనకు రెండు గ్రంథాలు ముఖ్యం. ఒకటి 1676లో ఇగాకు చెందిన ఫుజిబయాషి రాసిన బన్సెన్‌షూకాయ్, 22 సంపుటాలు. రెండోది 1681లో కీషూ ప్రాంతపు నతోరి రాసిన షోనింకి. ఒక్క హెచ్చరిక: ఈ రెండూ రాసేనాటికి పెద్ద యుద్ధాలు అయిపోయి చాలా కాలమైంది. పెద్దలు చెప్పింది మరుగున పడిపోకుండా రాసిపెట్టిన పుస్తకాలివి. వాటిలో చైనా యుద్ధశాస్త్రం, ముఖ్యంగా సున్ ట్జు చెప్పిన ఐదు రకాల గూఢచారుల వివరం కలిసిపోయి ఉంటుంది. కాబట్టి ప్రతి పంక్తినీ కళ్లారా చూసిన సాక్ష్యంగా తీసుకోలేం. అయినా ఇంతకంటే దగ్గరి ఆధారం మనకు లేదు.

బన్సెన్‌షూకాయ్ కత్తితో మొదలవదు, మనసుతో మొదలవుతుంది. నిజాయితీ లేనివాడి చేతిలో ఈ విద్య దొంగతనం అవుతుందని మొదటి అధ్యాయాల్లోనే గట్టిగా చెబుతాడు రచయిత. తర్వాత చొరబాటును రెండు రకాలుగా విడదీస్తాడు. పట్టపగలు, అందరి ఎదుటే, వేరే మనిషిగా వెళ్లడం ఒకటి. చీకట్లో కనబడకుండా వెళ్లడం రెండోది. సినిమాలన్నీ రెండోదాన్నే పట్టుకున్నాయి. నా మటుకు నాకు మొదటిదే ఎక్కువ కష్టమైన విద్య అనిపిస్తుంది.

షోనింకి ఏడు వేషాలు చెబుతుంది: తల మొత్తం కప్పే బుట్ట లాంటి టోపీ పెట్టుకుని వేణువు ఊదే కొముసో సన్యాసి, బౌద్ధ భిక్షువు, కొండల్లో తపస్సు చేసే యమాబుషి, వర్తకుడు, వీధి గారడీవాడు, సారుగాకు అనే పాత నాటకాల నటుడు, ఏడోది మామూలు మనిషి. మన పగటివేషగాళ్ల లాగా ఊరూరా తిరిగినా ఎవరూ "ఎందుకొచ్చావు" అని అడగని వృత్తులే ఎక్కువ. అయితే బట్టలు మారిస్తే సరిపోదు. భిక్షువుగా వెళ్లేవాడికి సూత్రాలు నోటికి రావాలి. వర్తకుడికి సరుకుల ధరలు తెలియాలి. ఏ ఊరివాడినని చెప్పుకుంటాడో ఆ ఊరి యాస పలకాలి, అక్కడి దారులు, అలవాట్లు చెప్పగలగాలి. శిక్షణలో ఎక్కువ కాలం వీటికే పోయేదని నా నమ్మకం.

ఆడవాళ్లను పంపడం గురించి కూడా బన్సెన్‌షూకాయ్‌లో ఉంది. కోటలో పనిమనిషిగా చేరిన ఆమె యజమానురాలి నమ్మకం సంపాదించి, "మా ఇంటి నుంచి నా బట్టల పెట్టె తెప్పించుకుంటాను" అని అడుగుతుంది. ఆ పెట్టెకు రెండు అడుగులు. కింది అరలో మనిషి. కాపలాదారు పైన బట్టలు చూసి వదిలేస్తాడు. మోచిజుకి చియోమె అనే ఆవిడ వందలాది నింజా యువతులకు శిక్షణ ఇచ్చిందన్న కథకు మాత్రం ఆనాటి ఆధారాలేవీ దొరకలేదు.

చీకటి విద్యల్లో మీకు బాగా పనికొచ్చేది నడక. షోనింకి పది రకాల అడుగులు పేర్కొంటుంది: పాదాన్ని మెల్లగా ఎత్తి దించేది, నేల మీద జార్చేది, ఒంటికాలిది, పెద్ద అంగలు, చిన్న అంగలు ఇలా. మా దోజోలో వీటిలో కొన్ని సాధన చేస్తాం. పాదం బయటి అంచును, అంటే చిటికెన వేలి వైపును, ముందు నేలకు తాకిస్తాం. అక్కడ చప్పుడు చేసేదేమీ లేదని తెలిశాక బొటనవేలి వైపుకు ఒరిగిస్తాం. ఆ తర్వాతే బరువు వేస్తాం. అంతవరకు బరువంతా వెనక కాలి మీదే. కరాటేలో మీకు అలవాటైన అడుగు ముందుకు దూసుకుపోతుంది. ఇక్కడ ఏ క్షణంలోనైనా అడుగు వెనక్కి తీసుకోగలగాలి.

అన్నిటికంటే కష్టమైనది దట్టమైన గడ్డిలో కుందేలు నడక అనే పద్ధతి. గొంతుకూర్చుని అరచేతులు నేలకు ఆనించి, ఆ చేతుల వీపు మీద పాదాలు పెట్టి, చెయ్యీ కాలూ కలిపి ఒక్కో అంగ ముందుకు జరపాలి. చెక్క నేల మీద చేస్తే పాదం చప్పుడు పూర్తిగా మాయమవుతుంది, ఎందుకంటే నేలను తాకేది మెత్తటి అరచెయ్యి. గది ఒక చివర నుంచి రెండో చివరకు చేరేసరికి తొడలు వణుకుతాయి, వేళ్ల కణుపులు మంటెత్తుతాయి. నిద్రపోతున్న మనిషి పక్కనుంచి వెళ్లడానికి ఈ పద్ధతి అని గ్రంథం చెబుతుంది. చేసి చూస్తేనే తెలుస్తుంది, ఇది రాసినవాళ్లకు చెక్క నేల సంగతి బాగా తెలుసని.

ఎప్పుడు వెళ్లాలన్నది కూడా విద్యే. ఏ కాలంలో మనుషులకు గాఢ నిద్ర, ఏ కాలంలో కలత నిద్ర, నిజమైన గురకకూ దొంగ గురకకూ తేడా ఏమిటి అని చర్చిస్తారు. గడియారం లేదు కాబట్టి పిల్లి కంటిపాప చూసి పొద్దు చెప్పే పద్యం ఒకటుంది. తెల్లవారినప్పుడూ పొద్దుగూకేటప్పుడూ గుండ్రంగా, తర్వాత గుడ్డు ఆకారంలో, ఇంకా పొద్దెక్కితే పండు గింజలా, నడిమధ్యాహ్నం సూదిలా. కాపలా కుక్కలకు పెట్టే ముద్దలో ముష్టి గింజల పొడి కలపమంటారు. మన అడవుల్లో దొరికే ముష్టి గింజే, జపాన్‌కు దిగుమతి అయ్యేది.

వెంట తీసుకెళ్లేవి చాలా తక్కువ. గడ్డి టోపీ, కొక్కెం కట్టిన తాడు, రాసుకోవడానికి పలక బలపం, మందులు, మూడడుగుల గుడ్డ, నిప్పు దాచుకునే వెదురు గొట్టం. ఈ ఆరింటినీ దారిన పోయే ఏ బాటసారి దగ్గర చూసినా ఎవరికీ అనుమానం రాదు, తాడు ఒక్కటి తప్ప. ఒకే పనిముట్టుతో పది పనులు చేసేవాడే నేర్పరి అన్నది వాళ్ల సూత్రం. రంగులద్దిన బియ్యాన్ని దారి పక్కన పోసి వెనక వచ్చేవాళ్లకు గుర్తులు వదిలేవారు.

తిండి గురించి ఒక మాట. బియ్యప్పిండి, తామర గింజలు, దాల్చిన చెక్క, పటికబెల్లం లాంటివి కలిపి చేసిన ఉండలు, దాహానికి ఊరబెట్టిన ఉమే అనే పుల్లటి పండు గుజ్జుతో చేసిన మాత్రలు పట్టుకెళ్లేవారు. ఇగాలో ఇప్పటికీ కతయాకి అనే బిస్కెట్ అమ్ముతారు. నింజాల దారి బత్తెం అని చెబుతారు. పళ్లతో కొరకడం కుదరదు, చెక్క సుత్తితో కొట్టి ముక్కలు చేసుకుని నోట్లో నానబెట్టుకోవాలి. కోకా వైపు యమాబుషిల ద్వారా మందుల పరిజ్ఞానం బాగా పెరిగింది, ఇప్పటికీ అక్కడ మందుల తయారీ పెద్ద పరిశ్రమ.

చేతివేళ్లతో ముద్రలు పట్టి తొమ్మిది అక్షరాలు ఉచ్చరించడం మీరు నరుటోలో చూశారు కదా, దానికి మూలం నిజమే. యమాబుషిల సాధన నుంచి, తాంత్రిక బౌద్ధం నుంచి వచ్చింది. వీళ్లు కొలిచిన మరిషితెన్ మన సంస్కృత మరీచి. సూర్యకిరణాల దేవత, ఎవరి కంటికీ కనబడదు, అందుకే యోధులు ఆమెను రక్షణగా తలచుకునేవారు. ముద్ర పడితే నిప్పు పుట్టదు. ప్రాణభయంలో ఊపిరిని, గుండె దడను అదుపులోకి తెచ్చుకోవడానికి మాత్రం అది ఉపయోగపడేది.

పోరాటం విషయానికొస్తే కొన్ని సంఘటనలు చెబుతాను, వాటిలోనే పద్ధతి కనిపిస్తుంది.

1487లో షోగున్, అంటే దేశాన్ని ఏలే సైనిక పాలకుడు, అషికాగా యొషిహిసా, రొక్కాకు వంశాన్ని అణచడానికి సేనతో వచ్చి మగారి అనే చోట దిగాడు. రొక్కాకు ప్రభువు కోకా కొండల్లోకి తప్పుకున్నాడు. కోకా మనుషులు రాత్రుళ్లు శిబిరం మీద పడి, తెల్లారేసరికి అడవిలో కలిసిపోయేవారు. షోగున్ ఆ శిబిరంలోనే జబ్బుపడి 1489లో చనిపోయాడు. కోకాకు దేశమంతా పేరు తెచ్చింది ఈ యుద్ధమే.

1558లో సవాయామా కోట ముట్టడి కథ బన్సెన్‌షూకాయ్‌లో ఉంది. ఇగాసాకి దోజున్ అనే ఇగా మనిషి కోటవారి కుటుంబ చిహ్నం ఉన్న లాంతరు ఒకటి దొంగిలించి, అలాంటివే మరికొన్ని చేయించి, 48 మందితో ద్వారం గుండానే నడిచి లోపలికి వెళ్లాడట. సొంత మనుషులే అనుకుని కాపలావాళ్లు వదిలేశారు. లోపల నిప్పంటించారు, బయటి సేన దాడి చేసింది. నాలుగేళ్ల తర్వాత, 1562లో, తర్వాత షోగున్ అయిన, అప్పటికి ఇరవై ఏళ్లు కూడా నిండని తొకుగావా ఇయెయాసు కామినోగో కోట మీద కోకా మనుషులను ఇలాగే ప్రయోగించాడు. బురుజులు తగలబడుతుంటే దాడి చేసినవాళ్లు నోరు మెదపలేదు. దాంతో లోపలివాళ్లు తమలోనే ద్రోహులున్నారని భయపడి చెల్లాచెదురయ్యారు. దొరికిన కోట ప్రభువు కొడుకులను ఇచ్చి, ఇమగావా వంశం దగ్గర బందీలుగా ఉన్న తన భార్యాబిడ్డలను ఇయెయాసు విడిపించుకున్నాడు. ఒకరితో ఒకరు కత్తి కలిపిన ఘట్టం ఇందులో ఎక్కడా ప్రధానం కాదు. నిప్పు, గందరగోళం, అనుమానం, ఇవే వాళ్ల ఆయుధాలు.

తూర్పున హోజో వంశానికి పనిచేసిన ఫూమా దళం గురించి నాకు బాగా నచ్చిన వివరం ఒకటుంది. రాత్రి దాడి చేసి వచ్చాక తమ గుంపులో శత్రువులు కలిసిపోయి ఉంటారన్న అనుమానం వాళ్లకు ఎప్పుడూ ఉండేది. దివిటీలు వెలిగించి, ముందే అనుకున్న మాట ఒకరు అరవగానే అందరూ ఒక్కసారిగా లేచేవారు, మరో మాటకు కూర్చునేవారు. ఆలస్యంగా లేచినవాడు బయటివాడు. ఇది 17వ శతాబ్దపు వృత్తాంతంలో ఉంది. అతిశయోక్తి కొంత ఉండొచ్చు గానీ, ఆ పద్ధతి ఎంత తెలివైనదో చూడండి.

అన్నిటికంటే గట్టి ఆధారాలున్నది క్యూషూ దీవిలో జరిగిన షిమబారా తిరుగుబాటు. 1638 మొదట్లో వేలాది మంది రైతులు, క్రైస్తవులు హారా కోటలో దిగ్బంధంలో ఉన్నారు. షోగున్ సేనాధిపతి మత్సుదైరా నొబుత్సునా దగ్గర కోకా మనుషులు పదిమంది ఉన్నారు. రాత్రుళ్లు వెళ్లి కందకం లోతు, గోడల ఎత్తు, దారుల స్థితి కొలిచి వచ్చారు. వాటితో గీసిన పటం పైఅధికారులకు వెళ్లింది. కోటవాళ్లు దాచుకున్న ఆహారం బస్తాలు ఎత్తుకొచ్చారు. ఒక రాత్రి లోపలికి దిగినప్పుడు ఒకతను గుంటలో పడ్డాడు. తోటివాడు లాగి బయటకు తీశాడు. ఇద్దరూ రాళ్ల దెబ్బలు తింటూనే, వచ్చినందుకు రుజువుగా ఒక జెండా పట్టుకుని బయటపడ్డారు. చాలా రోజులు మంచాన ఉన్నారు. ఇంకో సంగతి, వాళ్లు లోపలివాళ్లలో కలిసిపోయి ఎక్కువసేపు ఉండలేకపోయారు. అక్కడి క్యూషూ యాస అర్థం కాలేదు, క్రైస్తవ ప్రార్థనలు రావు. యాస గురించి పైన నేను చెప్పింది ఎందుకో ఇక్కడ తెలుస్తుంది.

హత్యల సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెబుతాను. 1570లో సుగితాని జెంజుబో అనే అతను చిగుసా కనుమలో, అప్పటి బలమైన సామంతుడు ఓడా నొబునాగా మీద తుపాకీ పేల్చాడు. తూటాలు రాసుకుని పోయాయి. మూడేళ్లకు దొరికాడు, చాలా క్రూరంగా చంపారు. మరో సామంతుడు ఉఎసుగి కెన్షిన్‌ను మరుగుదొడ్డిలో దాక్కున్న నింజా పొడిచాడన్నది ఉత్త కథ, ఆయన 1578లో అకస్మాత్తుగా జబ్బుచేసి పోయాడు. పెద్ద నాయకుడిని నింజా చంపాడని గట్టిగా చెప్పగల సంఘటన నాకు తెలిసి ఒక్కటీ లేదు.

సమురాయ్, నింజా: ఎవరు గెలుస్తారు? వీళ్లు రెండు శత్రు వర్గాలు కాదు. చొరబాటు ఒక పని, ఆ పని చేసినవాళ్లలో చాలామంది సమురాయ్‌లే, మిగిలినవాళ్లు కాల్బలం. అందరికీ తెలిసిన హత్తోరి హాంజోనే తీసుకోండి. తండ్రి ఇగా నుంచి వచ్చినవాడు, హాంజో మాత్రం ఇయెయాసు సొంత ప్రాంతం మికావాలో పుట్టి ఇయెయాసు కొలువులో ఈటె పట్టిన సమురాయ్. ఆయన ఈటె టోక్యోలోని సాయినెన్‌జి గుడిలో ఇప్పటికీ ఉంది. 1582లో నొబునాగా హత్య జరిగినప్పుడు ఇయెయాసు కొద్దిమందితో సాకాయ్ దగ్గర చిక్కుకుపోయాడు. ఇగా కొండల మీదుగా ఆయన్ని సొంత ప్రాంతానికి చేర్చడంలో ఇగా, కోకా మనుషులు తోడ్పడ్డారు. వాళ్లను తర్వాత ఎదో (ఇప్పటి టోక్యో) నగరంలోని తన కోట కాపలాలో పెట్టుకున్నాడు. టోక్యోలో హాంజోమోన్ అనే కోట ద్వారం, ఆ పేరుతోనే మెట్రో లైను ఉన్నాయి. బహిరంగ మైదానంలో కవచం తొడుక్కున్న యోధుడికి ఎదురు నిలబడటం ఏ వేగులవాడూ కోరుకోడు. దొరికిపోతే ఏం చేయాలో గ్రంథాలు చెప్పిన ఉపాయాలన్నీ తప్పించుకోవడానికే. నీళ్లలో రాయి విసిరి దూకినట్టు చప్పుడు చేయడం, "దొంగ అటు పోతున్నాడు" అని తనే అరవడం, పిట్టలా ముడుచుకుని కదలకుండా కూర్చోవడం, వెంటపడేవాళ్ల గడ్డి చెప్పుల కిందికి ఎండిన ముళ్ల సింఘాడా కాయలు చల్లడం.

ఈ విద్యకు హద్దులున్నాయనడానికి ఇగా చరిత్రే సాక్ష్యం. 1579లో నొబునాగా కొడుకు నొబుకత్సు తండ్రికి చెప్పకుండా ఇగా మీద పడి చిత్తుగా ఓడాడు. కొండదారుల్లో మాటుగాసిన స్థానికులు అతని సేనను తరిమారు. 1581లో నొబునాగా నాలుగు వైపుల నుంచీ నలభై వేలకు పైగా సైన్యాన్ని పంపించాడు. ఊళ్లు, గుళ్లు కాలిపోయాయి. ఎంత చాకచక్యం ఉన్నా అంత సేన ముందు చిన్న ప్రాంతం నిలవలేదు. ఇగా మ్యూజియంలో సరదా ప్రదర్శనలు చూసి వచ్చేసేవాళ్లకు ఈ సంగతి చెప్పకుండా నేను పంపను. అక్కడ చనిపోయిన ఊళ్ల మనుషులు నిజమైనవాళ్లు.

మరి ఇప్పుడు మనం చూసే నింజా ఎక్కడి నుంచి వచ్చాడు? యుద్ధాలు ఆగి రెండు శతాబ్దాలకు పైగా శాంతి నడిచిన ఎదో కాలంలో పుట్టాడు. చూసినవాళ్లు లేరు, కథలు మిగిలాయి. కబుకి అనే సంప్రదాయ నాటకాల రంగస్థలం మీద వస్తువులు అందించే సహాయకులు నల్లబట్టలు వేసుకుంటారు, వాళ్లను చూడనట్టే ఉండటం ప్రేక్షకుల అలవాటు. నల్ల ముసుగు నింజా బొమ్మకు మూలం ఆ ఆచారమేనని చాలామంది చెబుతారు. 1817లో చిత్రకారుడు హోకుసాయ్ గీసిన బొమ్మలో నల్లబట్టల మనిషి తాడు పట్టుకుని ఎక్కుతూ కనిపిస్తాడు, అంటే అప్పటికే ఆ రూపం స్థిరపడింది. కప్ప మీద ఎక్కి మాయలు చేసే జిరాయా కూడా 19వ శతాబ్దపు కథల హీరోనే, నరుటో ఆ పేరు అక్కడి నుంచే తీసుకుంది. తర్వాత 1910లలో పిల్లల చవక పుస్తకాలు, 1950, 60లలో నవలలు, సినిమాలు, 1980లలో అమెరికా సినిమాలు.

ఆయుధాల సంగతి: షురికెన్ (చేత్తో విసిరే చిన్న ఇనుప ఆయుధం) విసరడం సమురాయ్‌ల విద్యల్లో ఒకటిగా ఉండేది, నింజాల ప్రత్యేక ఆయుధంగా పాత గ్రంథాలు దాన్ని చూపించవు. నిటారుగా ఉండే నింజా కత్తి 20వ శతాబ్దానికి ముందు దొరికింది లేదు. మామూలు కత్తినే గోడకు ఆనించి, పిడి దగ్గరి పళ్లెం మీద కాలు మోపి ఎక్కి, ఒర తాడుతో పైకి లాక్కునేవారు. మిజుగుమో అనే చెక్క వలయం బొమ్మ బన్సెన్‌షూకాయ్‌లో నిజంగానే ఉంది. రెండు కాళ్లకు రెండు తొడుక్కుని నీటి మీద నడవడం మాత్రం కుదరదు. ఒక్క వలయం మధ్య కూర్చుని, బురద కందకాల్లో తేలుతూ దాటి ఉంటారన్నదే సమంజసంగా కనిపిస్తుంది.

కాబట్టి మీరు చూసిన యూట్యూబర్ మాట సగమే నిజం. వేషం కల్పితం, మనుషులు నిజం. మియే విశ్వవిద్యాలయం 2017లో దీనికోసం పరిశోధన కేంద్రమే పెట్టింది, ఎం.ఏ. స్థాయిలో చదువుకోవచ్చు కూడా.

నేర్చుకోవడం గురించి: ఈ రోజు ప్రపంచమంతా నిన్‌జుత్సు (నింజా విద్య) పేరుతో నడిచే దోజోలలో ఎక్కువ భాగం హత్సుమి మసాకి స్థాపించిన బుజిన్‌కాన్ నుంచి, దాని శాఖల నుంచి వచ్చినవే. వాటి పరంపర ఇగా కాలం దాకా తెగకుండా వెళ్తుందా అన్నది చరిత్రకారుల మధ్య వివాదం. దేహసాధనగా వాటిలో మంచి విషయాలున్నాయి, గురువును చూసి చేరండి. కొద్ది నెలల్లో నింజా సర్టిఫికెట్ ఇస్తామని డబ్బు అడిగేవాళ్ల జోలికి వెళ్లకండి. కరాటే మానకండి. ఇంట్లో చేయదలిస్తే పైన చెప్పిన నడక మొదలుపెట్టండి, చెప్పులు లేకుండా, కిర్రుమనే చోట్లు ఉన్న నేల మీద. కుందేలు నడక మోకాళ్ల నొప్పి ఉంటే వద్దు.

జపాన్ వచ్చే వీలుంటే రెండు రోజులు పెట్టుకోండి. మొదటి రోజు ఇగా-ఉఎనో: కోట, దాని పక్కనే నింజా మ్యూజియం, ఉఎనో-షి స్టేషన్ నుంచి నడిచే దూరం. పిల్లలు ఎక్కువగా వస్తారు, సెలవు రోజులు తప్పించండి. రెండో రోజు కోకా: కుసత్సు లైన్‌లో కోనాన్ స్టేషన్‌లో దిగితే ఇరవై నిమిషాల నడకలో మోచిజుకి వంశం వారి పాత ఇల్లు ఉంటుంది. 17వ శతాబ్దం చివర్లో కట్టిన అసలు ఇల్లు అది, వేరే చోటి నుంచి తెచ్చి నిలబెట్టింది కాదు. తిరిగే గోడ, నేల కింద గుంట, పైకి లాక్కునే మెట్లు ఉన్న చోటనే ఉన్నాయి. అక్కడివాళ్లను అడిగితే ఒక్కో మరుగు ఎలా పనిచేస్తుందో చేసి చూపిస్తారు, వివరణ జపనీస్‌లోనే ఎక్కువ కాబట్టి భాష తెలిసినవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఇటు వచ్చే పని పడితే ఇక్కడే ఒక మాట రాయండి, ఊళ్లో ఉంటే నేనే వస్తాను.